మాఘం నాలుగు

నిమాయ్ కర్మకార్ వచ్చిన ఏడాది
నా కూలి గ్రాముకి పద్దెనిమిది రూపాయలు తగ్గింది.
ముందు ఆ సంగతి చెప్పేస్తే
మిగతాది చెప్పడం తేలిక.

బెజవాడ వన్‌టౌన్‌లో, శివాలయం వీధి వెనక
మూడో అంతస్తు, కిటికీ లేని గది.
తొమ్మిదిమంది బెంగాలీ కుర్రాళ్ళు, నేనొక్కణ్ణి తెలుగు.
లక్కోజు వీరభద్రాచారి వాళ్ళ నోట్లో పడి
బీర్‌దా అయి తేలాడు.
ఫ్యాను వెయ్యం. వేస్తే బంగారం ఎగురుతుంది.
సాయంత్రం నేల ఊడ్చిన చెత్తని
సేటు తూకం వేసి బీరువాలో పెడతాడు.
మేం చేతులు కడిగిన నీళ్ళు కూడా ఆయనవే.

ఆకురాయి సాగినంతసేపూ
నిమాయ్ నోరూ సాగుతుంది:
సగం హిందీ, సగం తెలుగు, మిగిలింది చేతులు.
వాళ్ళది బాంకుడా జిల్లా,
ఎర్రమట్టి, కంచు పళ్ళేలు చరిచే వీధి.
చైత్రం చివర గాజన్ అట.
నిలువెత్తు స్తంభం, దాని నెత్తిన అడ్డదూలం,
వీపున కొక్కెం గుచ్చుకుని మనిషి గాల్లో గిరగిరా.
“నొప్పెట్టదా?” అన్నాను.
“కింద నిలబడి చూసేవాళ్ళకి” అన్నాడు.
శ్రావణం వెళ్ళేటప్పుడు మనసాదేవి పండగ,
పాములవాళ్ళు మెళ్ళో తాచులేసుకుని బళ్ళెక్కుతారు.
వాళ్ళమ్మ ఆ రోజు చద్దన్నమే పెడుతుంది,
పొయ్యి ముట్టించదు.
పొయ్యిలో పాము పడుకుని ఉంటుందట.

నేనూరుకుంటానా,
కోటప్పకొండ తిరనాళ్ళ విప్పాను.
ఎనభై అడుగుల ప్రభ, దాని అద్దాల్లో వంకర్లు పోయే జనం,
మోకులు పట్టిన ఊరు ఊరంతా,
చక్రం కిందికి జారిపోతున్న నన్ను
మా నాన్న జుట్టు పట్టి లాగడం.
లాగింది నాన్న కాదు,
ముక్కూ మొహం తెలియని ఎవరో పెద్దాయన.
నాన్న ఆ వేళ పేకాటలో ఉన్నాడు.
తిరనాళ్ళ సంగతి చెప్పేటప్పుడు
ఎవరి ప్రభైనా ఓ అడుగు పెరుగుతుంది.

“వీటన్నిట్లో నీకేది ఇష్టంరా?”
ఆకురాయి ఆగింది.
“మురీ మేళా” అన్నాడు.
మాఘం నాలుగో రోజున
ద్వారకేశ్వర్ నది ఇసుకలో
ఊళ్ళకి ఊళ్ళు బారులు తీరి కూర్చుని
మరమరాలు తింటాయి.
“తర్వాత?”
“తింటాం.”
“మరి దేవుడు?”
“గట్టు మీద అమ్మవారుంది. ఆవిడ పని ఆవిడది.
ఇసుకలో చెలమ తవ్వి
ఆ నీళ్ళతో మరమరాలు తడుపుతాం.”

నవ్వాను. బొరుగులకి తిరనాళ్ళేంట్రా!
నవ్వకుండా ఉండాల్సింది.

ఆ ఏడు సేటు సెలవివ్వలేదు.
మాఘమాసపు ముహూర్తాలు, నలభై జతల సూత్రాలు.
వాళ్ళ పంచాంగంలో మాఘం వచ్చేసింది,
మనకింకా పుష్యమే గడవలేదు.
నాలుగో రోజు పొద్దున్నించీ
నిమాయ్ నోరు విప్పలేదు.
ఆకురాయి ఒక్కటే, గోడకి చెబుతున్నట్టు.

భోజనాల వేళ రథం సెంటర్లో
ముప్ఫై రూపాయల బొరుగులు, ఉల్లిపాయ, పచ్చిమిరప,
ఆవనూనె దొరక్క వేరుశెనగ నూనె పొట్లం కొన్నాను.
“లే” అన్నాను వాడితో. ఎక్కడికని అడగలేదు.
తొట్టిలో చేతులు కడక్కుండానే దిగిపోయాం.

బ్యారేజీ కింద కృష్ణ సన్నగిల్లి
ఇసుక వీపులా తేలి ఉంది.
ఇద్దరు గేదెలు కడుగుతున్నారు.
పైన లారీలు.
నిమాయ్ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు,
మోచెయ్యి దిగేదాకా.
నీళ్ళు ఊరడానికి చాలాసేపు పట్టింది,
ఊరాక కాస్త నాచు వాసన.
దోసిలితో తీసి చిలకరించి
నా పంచె కొంగులోనే కలిపాడు.

ఎండ వాడి గోళ్ళ మీద పడ్డప్పుడు చూశాను,
గోటి సందుల్లో పచ్చగా మెరుస్తోంది.
నా గోళ్ళల్లోనూ.
చెప్పలేదు.
“నూనె తప్పు” అన్నాడు నములుతూ.
ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

సాయంత్రం చెత్త తూకం పిసరు తగ్గింది.
సేటు త్రాసు గీరి, మళ్ళీ పెట్టి చూశాడు,
మా మొహాలు చూశాడు.
నిమాయ్ ఆకురాయి అందుకుని
మొదలెట్టాడు:
“బీర్‌దా, మా ఇసుకలో ఒకసారి ఏమైందో తెలుసా…”